ఎక్స్‌ప్రెస్ పర్పస్ అంటే స్పీడు కాదు

అమీర్‌పేటలో మా డీటీపీ షాపుకి వచ్చే ఉత్తరాల్లో ‘ఫర్ ది ఎక్స్‌ప్రెస్ పర్పస్ ఆఫ్’ అనే ముక్క తరచుగా తగులుతుంది. ఇంగ్లీషు బరువుగా ఉంటే పనవుతుందని నమ్మకం. తప్పులు పడేదీ అక్కడే.

సమస్య: తొందర కోసం ఆ మాట వాడుతున్నారు

మొన్న ఒకాయన లోను కాగితం తెచ్చి, “అన్నా, జల్ది శాంక్షన్ కావాలె, ఎక్స్‌ప్రెస్ పర్పస్ అని కొట్టు” అన్నాడు. రోజూ మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కే మనిషిని తప్పుపట్టలేం.

కారణం: ఈ ఎక్స్‌ప్రెస్‌కి వేగంతో పనిలేదు. ‘నొక్కి బయటికి తీసినది’ అనే లాటిన్ మాట నుంచి పుట్టింది. నోరు విప్పి చెప్పినది, ఊహకి వదలనిది అని అర్థం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 9వ సెక్షన్‌లోనూ మాటల్లో ఇచ్చిన హామీ ‘ఎక్స్‌ప్రెస్’, మాటల్లో కాకుండా తెలిసేది ‘ఇంప్లైడ్’.

పరిష్కారం: తొందరుంటే ‘అర్జెంట్’ అని రాసి, ఏ తేదీలోపు కావాలో చెప్పండి.

సమస్య: గ్రామర్ బాగానే ఉంది, ఉత్తరం మాత్రం ఉబ్బిపోయింది

సెలవు చీటీలో కూడా ‘ఫర్ ది ఎక్స్‌ప్రెస్ పర్పస్ ఆఫ్ అటెండింగ్ ఎ మ్యారేజ్’ అని రాస్తారు. పెళ్లికి వెళ్లడానికి ఇంత ఆర్భాటమా! ‘టు అటెండ్’ చాలు.

నా కొలత ఒకటే. ముందు తెలుగులో అనుకోండి. ‘కోసం’ అని వస్తే ‘టు’ లేదా ‘ఫర్’. ‘కోసమే’ అని వస్తే, ఆ చివరి ‘ఏ’కారమే ఇంగ్లీషులో ఎక్స్‌ప్రెస్. కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు వాళ్ల నోటీసు ఒకటి కొట్టాను: లిఫ్ట్ రిపేరుకని ఫ్లాట్ల నుంచి వసూలు చేసిన డబ్బు. ‘ది ఫండ్ వాజ్ కలెక్టెడ్ ఫర్ ది ఎక్స్‌ప్రెస్ పర్పస్ ఆఫ్ రిపేరింగ్ ది లిఫ్ట్’. అక్కడ ఆ మాట ఉండాల్సిందే. రేపు ఎవరైనా ఆ డబ్బుతో గేటుకి రంగులేయిద్దామంటే, అడ్డం పడేది అదే.

సమస్య: చిన్న అతుకులు ఊడుతున్నాయి

‘పర్పస్ టు రిపేర్’ అనకండి. ‘ఆఫ్’ పెట్టి, తర్వాత క్రియకి ‘ఇంగ్’ చేర్చండి. మొదట్లో ‘ఫర్’ బదులు ‘విత్’ ఉన్నా తప్పు లేదు. ‘ఎక్స్‌ప్రెస్డ్ పర్పస్’ అని రాస్తే కంప్యూటర్ ఎర్రగీత గీయదు, స్పెల్లింగ్ సరైనదే కదా. ఈ నుడికారంలో మాత్రం ఆ ‘డ్’ ఉండదు, మీరే చూసి తీసేయాలి.

లోను ఆయన ఉత్తరంలో చివరికి ‘టు బై యాన్ ఆటో’ అనే కొట్టాను. రెండో పేజీలోకి జారిన లైను పైకొచ్చింది. ఒక్క ప్రింటు డబ్బులే ఇచ్చి వెళ్లాడు.