ఏఐ ఏజెంట్ మీ ఖర్చుల లెక్క తప్పు చెప్తోందా? మోడల్‌ని తిట్టే ముందు ఇవి చూడండి

బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కార్డు స్టేట్‌మెంట్లు అన్నీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పోసి, దాని మీద ఓ ఎంసీపీ సర్వర్ (ఏఐ ఏజెంట్‌కి ఆ డేటా అందించే ప్రోగ్రాం) రాసుకుని, "పోయిన నెల కిరాణాకి ఎంతయింది" అని ఏజెంట్‌ని అడిగేవాళ్ళ కోసం ఇది. సర్వర్ నడపడం, క్లయింట్‌కి (మీరు ఏజెంట్‌తో చాట్ చేసే యాప్‌కి) కలపడం మీకు వచ్చనే అనుకుంటున్నా.

అన్నిటికన్నా ముందు

ఏజెంట్ మీ రీడ్‌మీ (కోడ్‌తో పాటు పెట్టే వివరాల ఫైల్) చదవదండీ. ఎంత చెప్పినా జనం డాక్యుమెంటేషన్ అంతా రీడ్‌మీలోనే రాసి, టూల్ (సర్వర్‌లో ఏజెంట్ పిలిచే ఫంక్షన్) డిస్క్రిప్షన్‌లో మాత్రం "లావాదేవీలు తెస్తుంది" అని ఒక్క ముక్క పెట్టి వదిలేస్తారు. మోడల్‌కి కనపడేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పేది), ఆ తర్వాత వచ్చే రిజల్ట్. సర్వర్ ఇన్‌స్ట్రక్షన్స్ అని ఇంకో ఫీల్డ్ ఉంది గానీ దాన్ని మోడల్‌కి ఇవ్వాలా వద్దా అన్నది క్లయింట్ ఇష్టం, దాని మీద ఆధారపడొద్దు. ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ (సర్వర్‌ని పరీక్షించి చూసే యాప్) తెరిచి టూల్స్ లిస్ట్ తీసి, అక్కడున్నది మాత్రమే చదివి మీరే లెక్క కట్టగలరేమో చూడండి. సగం సమస్యలు అక్కడే దొరికిపోతాయి.

ఖర్చు దాదాపు రెట్టింపు చూపిస్తోంది

క్రెడిట్ కార్డు మీద కొన్నవీ లెక్కేసి, సేవింగ్స్ నుంచి కట్టిన కార్డు బిల్లూ లెక్కేస్తోంది. మీ ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి వేసుకున్న డబ్బుదీ ఇదే కథ. ట్రాన్స్‌ఫర్ అవునా కాదా అని ఓ కాలమ్ పెట్టి, "ఖర్చు మొత్తంలో ఇవి కలపకూడదు" అని డిస్క్రిప్షన్‌లో రాయండి.

రీఫండ్ కూడా ఖర్చులోకి వెళ్తోంది, లేదా ఆదాయం మైనస్‌లో ఉంది

మన స్టేట్‌మెంట్లలో విత్‌డ్రాయల్, డిపాజిట్ మామూలుగా వేరే కాలమ్స్‌లో ఉంటాయి, మీరు ఒకే అమౌంట్‌గా కలిపేటప్పుడు ఏది ప్లస్ ఏది మైనస్ అన్నది ఎక్కడా రాసి ఉండరు. అమెరికాలో ప్లెయిడ్ (బ్యాంకుల నుంచి లావాదేవీలు తెచ్చిచ్చే సర్వీస్) వాడే మనవాళ్ళు ఇంకా జాగ్రత్త, అందులో అకౌంట్ నుంచి బయటికి పోయిన డబ్బే ప్లస్. ఒక్క వాక్యం రాస్తే అయిపోతుంది.

అంకె వంద రెట్లో వెయ్యి రెట్లో ఎక్కువొస్తే యూనిట్ చూడండి. పైసల్లో దాచుకుంటే ఫీల్డ్ పేరులోనే పైసలు అని పెట్టండి. వైనాబ్ (బడ్జెట్ యాప్) ఏపీఐ అయితే మిల్లీయూనిట్లలో ఇస్తుంది, 1000 అంటే ఒకటి.

"ఈ మధ్య మీ ఖర్చులు బాగా పెరిగాయి" అంటోంది

అసలు ముంచేది ఇదే. ఎర్రర్ రాదు, అంకె నమ్మేలాగే ఉంటుంది, కింద ఓ సలహా కూడా ఇస్తుంది.

జరిగేది ఏంటంటే, మీ టూల్‌కి డిఫాల్ట్ లిమిట్ 100 ఉంటుంది, కొత్తవి ముందొస్తాయి. టీకీ ఆటోకీ కూడా యూపీఐ కొట్టే ఇంట్లో 100 లావాదేవీలు అంటే నెల కూడా దాటకపోవచ్చు. మీరు ఏడాది అడిగారు, దానికి చివరి కొన్ని వారాలే అందాయి, ముందు నెలల్లో ఏమీ కనపడలేదు కాబట్టి అప్పుడు ఖర్చే లేదనుకుంది, గ్రాఫ్ పైకి లేచింది. టెస్టింగ్‌లో ఇది దొరకదు, ఎందుకంటే అప్పుడు మనం వారం ఖర్చో, నాలుగు వరుసలున్న శాంపిల్ డేటానో అడుగుతాం.

పట్టుకోవడం తేలిక. అవే తేదీలకి డేటాబేస్‌లో నేరుగా కౌంట్ కొట్టి, టూల్ ఇచ్చిన వరుసలు లెక్కపెట్టండి. సరిగ్గా 100 దగ్గర ఆగిందా, దొంగ దొరికినట్టే. ప్లెయిడ్‌లో ట్రాన్సాక్షన్స్ గెట్ అనే పాత కాల్ కూడా అంతే, డిఫాల్ట్ 100, ఎంత పెంచినా 500. మొత్తం ఎన్ని ఉన్నాయో పక్కనే ఇస్తుంది, మధ్యలో మీ టూల్ దాన్ని పారేయకుండా చూసుకోండి.

లిమిట్ పదివేలు చేసేయడం మాత్రం పరిష్కారం కాదు. కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చూడగలిగే టెక్స్ట్) నిండిపోతుంది, కొన్ని క్లయింట్లు పొడుగు రిజల్ట్‌ని మధ్యలోనే కోసేస్తాయి, మళ్ళీ మొదటికే. చేయాల్సింది, డిస్క్రిప్షన్‌లో ఇలా రాయడం: "ఒక కాల్‌కి గరిష్ఠం 100 వరుసలు. ఇంకా ఉన్నాయి అని వస్తే మిగతా పేజీలు తెచ్చేదాకా మొత్తం చెప్పొద్దు. మొత్తాల కోసం సమ్మరీ టూల్ వాడు." ఇదే విషయం రిజల్ట్‌లో కూడా రావాలి: మొత్తం ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. ఇది వరుసలకి పైన పెట్టండి, కింద పెడితే తోక కోసినప్పుడు అదే ముందు పోతుంది. ఆ సమ్మరీ టూల్ కూడా నిజంగా రాయండి మరి, కూడికలు డేటాబేస్ చేయాలి గానీ వందల వరుసలు మోడల్ చేత కూడించడం ఏంటి.

మిగతావి

03/04 అంటే మార్చా ఏప్రిలా అన్న గొడవ ఉంటే తేదీలు ఏడాది-నెల-రోజు వరసలో ఇవ్వండి. "ఈ ఏడాది" అంటే జనవరి నుంచా ఏప్రిల్ నుంచా అన్నది కూడా ఓ ముక్క రాయండి. టైమ్ యూటీసీలో (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక) ఉంటే మన పొద్దున 5:30 లోపు కొట్టినవి ముందు రోజులో పడతాయి, అరుదు, నెల మారే రోజు తప్ప పట్టించుకోనక్కర్లేదు.

డిస్క్రిప్షన్ మార్చాక క్లయింట్ రీస్టార్ట్ చేసి, కొత్త చాట్‌లోనే అడగండి. పాత చాట్‌లో అడిగితే పైనున్న తప్పు అంకెలే చూసి మళ్ళీ అదే చెప్తుంది.