లాజికల్ రీజనింగ్‌లో అజంప్షన్‌ను ఎలా గుర్తుపట్టాలి?

మన దేశంలో లా కాలేజీల కోసం రాసే క్లాట్, బ్యాంకు పరీక్షలు, అమెరికా లా స్కూళ్ల కోసం రాసే ఎల్‌శాట్ అన్నిట్లోనూ ఈ ప్రశ్న ఎదురవుతుంది. అజంప్షన్ అంటే వాదించేవాళ్లు పైకి అనకుండా నమ్మేసిన మాట. అది అబద్ధమైతే వాదన నిలబడదు.

ఈ వాదన చూడండి: "పక్క పొలంలో 400 అడుగులకు నీళ్లు పడ్డాయి. కాబట్టి మన పొలంలోనూ 400 అడుగుల బోరు వేస్తే నీళ్లు పడతాయి."

ముందు ముగింపు పట్టుకోండి. 'కాబట్టి', 'అందుకే' తర్వాత వచ్చేది ముగింపు, 'ఎందుకంటే' తర్వాత వచ్చేది ఆధారం. ఇక్కడ ఆధారం పక్క పొలానిది, ముగింపు మన పొలానిది. ఖాళీ ఉన్నది ఆ రెండు పొలాల మధ్యే. ఆప్షన్లు చదవకముందే దాన్ని మనసులో అనుకోండి. లేకపోతే ప్రతి ఆప్షనూ నిజమే అనిపిస్తుంది.

ఎ) రెండు పొలాల్లో భూమి పొరలు అంగుళం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయి.
బి) ఆ లోతులో నీళ్లు దొరికే విషయంలో మన పొలం పక్క పొలానికి పూర్తిగా భిన్నం కాదు.
సి) బోరు వేయించడానికి మన దగ్గర డబ్బుంది.

సి కొట్టేయండి. వాదన 'వేస్తే' అంటోంది, వేయగలమా లేదా అన్నది దానికి పట్టదు. టెన్షన్ అంతా ఎ, బి దగ్గరే. ఇప్పుడు ఒక్కోదాన్నీ తిరగేయండి, అంటే అది నిజం కాదనుకోండి. మన పొలం పూర్తిగా భిన్నమే అనుకుంటే, పక్క పొలంలో నీళ్లు పడ్డాయన్న కబురు మనకు దేనికీ పనికిరాదు, వాదన కూలిపోతుంది. అదే పొరల్లో ఎక్కడో కాస్త తేడా ఉందనుకోండి, అయినా నీళ్లు పడొచ్చు. జవాబు బి. ఎ నిజమైతే వాదనకు బలం వస్తుంది, అందుకే అది అంతగా ఊరిస్తుంది. కానీ మనకు కావలసింది బలాన్నిచ్చేది కాదు, లేకపోతే గడవనిది.

తిరగేసేటప్పుడు జాగ్రత్త. 'అందరూ పాసయ్యారు'ను తిరగేస్తే 'ఎవరూ పాసవలేదు' కాదు, 'పాసవనివాళ్లు ఒక్కరైనా ఉన్నారు'. తెలుగులో ఆలోచించేవాళ్లు ఇక్కడ ఇంకాస్త ఆగాలి. 'అందరూ పాసవలేదు' అంటే కొందరు తప్పారనీ అనుకోవచ్చు, అందరూ తప్పారనీ అనుకోవచ్చు. అందుకే 'ఒక్కరైనా' అనే మాట పెట్టుకోవడం మేలు. 'కొందరు' అని ఉంటే మాత్రం తిరగేసినప్పుడు 'ఒక్కరూ లేరు' అవుతుంది.

బ్యాంకు పరీక్షల్లో నోటీసులు, విజ్ఞప్తులు ఎక్కువగా ఇస్తారు. "నీళ్లు పొదుపుగా వాడండి" అని విజ్ఞప్తి చేశారంటే, కొందరైనా వింటారన్న నమ్మకం వెనకాల ఉన్నట్టే. అందరూ వింటారని నమ్మాల్సిన పనిలేదు.

క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రతి ఆప్షన్‌నూ తిరగేస్తూ కూర్చుంటే టైమ్ చాలదు, చివరికి మిగిలిన రెండింటికే ఈ పరీక్ష పెట్టండి. ఇంట్లో మాక్ టెస్టు దిద్దుకునేటప్పుడు మాత్రం తొందరొద్దు. తప్పు పెట్టిన ఆప్షన్‌ను తిరగేసి పక్కనే రాసి, వాదన ఇంకా ఎలా నిలబడిందో ఒక వాక్యంలో రాసుకోండి.