కొత్త టీవీలో బొమ్మ తేటగా రావాలంటే

ఒడిశాలోని బరంపురంలో మా మావయ్యగారు నిరుడు దసరాకు 43 అంగుళాల టీవీ కొన్నారు. వారం తిరగకముందే, పాత డబ్బా టీవీయే నయమన్న మాట ఆ ఇంట్లో మొదలైంది. మనుషుల ముఖాలు అడ్డంగా సాగిపోయి, వార్తల కింద నడిచే అక్షరాలు అలుక్కుపోయి కనిపించేవి. “దీన్ని వెనక్కి ఇచ్చేయమంటావా నాయనా?” అని అత్తయ్య అడిగారు. టీవీని కాస్త పక్కకు తిప్పి చూస్తే, సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చిన పసుపు, ఎరుపు, తెలుపు తీగలు దానికి గుచ్చి ఉన్నాయి. బొమ్మను, ధ్వనిని ఒకే తీగలో అందుకునే హెచ్‌డీఎంఐ రంధ్రానికి కంపెనీవారు పెట్టిన ప్లాస్టిక్ మూత ఇంకా ఊడనే లేదు. మార్చవలసింది టీవీని కాదు, ఆ తీగను.

రుషికుల్య కాలువ కింద సేద్యం చేసే గంజాం రైతుకు ఈ విషయం సులువుగా బోధపడుతుంది. కాలువ నిండా నీరున్నా నడుమ ఒక్క మడవ మూసుకుపోతే చివరి మడి తడవదు. హెచ్‌డీ బొమ్మ, అంటే ఎక్కువ చుక్కలతో తేటగా వచ్చే బొమ్మ కూడా ఛానల్, బాక్స్, తీగ, టీవీ అనే నాలుగింటిని దాటి రావాలి కనుక, వాటిలో ఏ ఒక్కటి పాతదైనా మనకు అందేది పాత బొమ్మే.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. డిజిటల్ అన్నంత మాత్రాన హెచ్‌డీ కాదు. దేశంలో కేబుల్ ప్రసారాలను డిజిటల్‌కు మార్చడానికి పెట్టిన నాలుగో దశ గడువు 2017 మార్చి 31తో ముగిసింది. అయినా ఆ డిజిటల్ ప్రసారాలలో చాలా ఛానళ్లు ఎస్‌డీలోనే, అంటే పాత మామూలు నాణ్యతలోనే వస్తాయి. ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు, అంటే మొత్తం సుమారు 4 లక్షల 15 వేలు ఉంటాయి. పూర్తి హెచ్‌డీలో అడ్డంగా 1920, నిలువుగా 1080, అంటే 20 లక్షల 73 వేలకు పైగా, అయిదు రెట్లు. 4కే టీవీకి అంతకు నాలుగు రెట్ల చుక్కలున్నా, వచ్చే ఛానల్ ఎస్‌డీ అయితే మిగిలిన చుక్కలను టీవీ తన అంచనాతో నింపుకోవలసిందే. అందుకే పెద్ద టీవీలో ఎస్‌డీ మరింత మసకగా కనిపిస్తుంది.

కాబట్టి పరిశీలన ఛానల్‌తో మొదలుపెట్టాలి. ఒకే ఛానల్‌కు ఎస్‌డీ, హెచ్‌డీ రూపాలు వేర్వేరు. వాటి నంబర్లు, ధరలు కూడా వేరు. హెచ్‌డీకి డబ్బు కడుతూనే, అలవాటుకొద్దీ పాత నంబరే నొక్కే ఇళ్లు నేను చాలా చూశాను. ఆంధ్ర సరిహద్దున ఉన్న మన ఒడిశా జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది. ఆపరేటరు ఇచ్చే ప్యాకేజీ ఒడియా, హిందీ ఛానళ్లతో కూర్చినదైతే, తెలుగు ఛానళ్లు కావాలంటే మొత్తం ప్యాకేజీ మార్చాలనుకుని చాలామంది ఊరుకుంటారు. 2019 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం కావలసిన ఛానల్‌ను విడిగా ఎంచుకునే హక్కు వీక్షకుడికి ఉంది. పర్లాకిమిడిలో ఉన్నా, రాయగడలో ఉన్నా మన భాష ఛానల్‌ను మనం పేరుపెట్టి అడగాలి.

తరువాత బాక్స్. అది హెచ్‌డీ బాక్స్ కాకపోతే హెచ్‌డీ ఛానల్ రాదు. హెచ్‌డీదే అయితే దాని సెట్టింగులలో బొమ్మ నాణ్యతను 1080ఐకి, తెర ఆకారాన్ని 16:9కి మార్చాలి. ముఖాలు సాగడానికి కారణం, 4:3 ఆకారంలో వచ్చే బొమ్మను వెడల్పు తెరకు బలవంతంగా లాగడమే. అలాంటి కార్యక్రమాలకు ఇరువైపులా నల్ల పట్టీలు ఉండనివ్వడమే మేలు. మూడు రంగుల తీగలు హెచ్‌డీని మోయలేవు గనుక హెచ్‌డీఎంఐ తీగ తప్పనిసరి. దాన్ని గుచ్చిన తరువాత రిమోట్‌లో సోర్స్ నొక్కి, ఆ హెచ్‌డీఎంఐ నంబరునే ఎంచుకోవాలి.

టీవీలో పిక్చర్ మోడ్ ‘వివిడ్’ అని ఉంటే ‘స్టాండర్డ్’కో ‘సినిమా’కో మార్చండి. వివిడ్ దుకాణం వెలుగులో ఆకట్టుకునేందుకు పనికొస్తుంది గాని ఇంట్లో కళ్లకు శ్రమ. షార్ప్‌నెస్ (బొమ్మ అంచుల పదును) కూడా తగ్గించాలి. 43 అంగుళాల టీవీలో హెచ్‌డీని అయిదు నుంచి ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని చూడవచ్చు. ఎస్‌డీ అయితే ఇంకాస్త వెనక్కి జరగాలి.

డిష్ ఉన్న ఇళ్లకు ఒక మాట. పాత అనలాగ్ ప్రసారంలో సిగ్నల్ తగ్గితే తెరపై చుక్కలు పడుతూనే బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో అలా ఉండదు. ఒక హద్దు వరకు చక్కగా వచ్చి, ఆ హద్దు దాటగానే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. డీటీహెచ్ (ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటి డిష్‌కు వచ్చే ప్రసారం) వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన బలహీనపరుస్తుంది కనుక, వాన తగ్గేదాకా దేన్నీ కదపకూడదు. తుఫాను వెలిశాకా బొమ్మ రాకపోతే మాత్రం, బాక్స్ మెనూలో సిగ్నల్ క్వాలిటీ చూడండి. అది పడిపోయి ఉంటే గాలికి డిష్ తిరిగి ఉండవచ్చు, లేదా డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరం దగ్గర తీగ అతుకులో నీరు చేరి ఉండవచ్చు. నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. కాబట్టి బరంపురంలో ఆ డిష్ దక్షిణానికి, కొంచెం తూర్పు వైపుకు తిరిగి ఉండాలి. ఆ దిక్కున కొబ్బరిచెట్టు కమ్మలు అడ్డొస్తున్నాయేమో కూడా ఒకసారి చూడండి.