క్రోమ్‌బుక్‌తో రోజువారీ పనులు ఎలా చేసుకోవాలి?

ముందు ఒక కాగితం తీసుకుని, వారంలో కంప్యూటర్‌తో మీకు పడే పనులన్నీ రాయండి. మెయిల్, బ్యాంకు పని, కరెంటు బిల్లు, పిల్లల ఆన్‌లైన్ క్లాసు, నాలుగు ఉత్తరాలు... ఇంతే అయితే గూగుల్ వారి క్రోమ్‌ఓఎస్‌తో నడిచే లాప్‌టాప్, అంటే క్రోమ్‌బుక్ చాలు. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), అను స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్), డిజిటల్ సంతకం డాంగిల్ వంటివి జాబితాలో ఉంటే విండోస్ లాప్‌టాపే కొనుక్కోండి. క్రోమ్‌బుక్‌లో పనంతా దాదాపు బ్రౌజర్‌లోనే, ఫైళ్లు దాదాపు అన్నీ ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ డ్రైవ్‌లోనే. యంత్రం తేలికగా, చవకగా ఉండేది అందుకే.

ఇక కొనడం. కొత్తదైతే 8 జీబీ ర్యామ్ ఉన్నది చూడండి. 4 జీబీతో పది ట్యాబులు తెరిస్తే ఆయాసపడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ వంటి చోట్ల పాతది బేరమాడుతున్నారా? డబ్బు ఇచ్చే ముందు రెండు పరీక్షలు చేయాలి.

మొదటిది, సెట్టింగ్స్‌లో ‘అబౌట్ క్రోమ్‌ఓఎస్’ తెరిచి, ‘అడిషనల్ డీటెయిల్స్’లో అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో చదవండి. 2021 నుంచి వచ్చిన రకాలకు పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. అయితే ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం తొలిసారి విడుదలైన నాటి నుంచి. గడువు దాటినది బ్యాంకు పనికి వద్దు, ఎంత చవకైనా సరే.

రెండోది అంతకంటే ముఖ్యం. లాగిన్ తెర మీద కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కి, పవర్‌వాష్ (యంత్రంలోని సమాచారమంతా చెరిపేయడం) చేసి చూపించమని అడగండి. మళ్లీ మొదలై వైఫైకి కలిశాక ఏదైనా పాఠశాల పేరో, కంపెనీ పేరో తెర మీద కనిపిస్తే దండం పెట్టి బయటికి వచ్చేయండి. అది ఆ సంస్థ వేసిన తాళం. పాత యజమాని తీయాల్సిందే, ఎన్నిసార్లు చెరిపినా పోదు.

ఇంటికి తెచ్చాక గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే సగం పని అయినట్టే. మిగిలిన సగంలో అందరూ మరిచిపోయేది ఆఫ్‌లైన్ అమరిక. మా మేనల్లుడు పోటీ పరీక్షల నోట్సంతా గూగుల్ డాక్స్‌లో రాసుకుని చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లాడు. అక్కడ సిగ్నల్ లేదు. గంటసేపు తెర మీద గుండ్రంగా తిరిగే చక్రాన్ని చదువుకుని వచ్చాడు. మీరు ఇంట్లో నెట్ ఉండగానే డ్రైవ్ తెరిచి, సెట్టింగ్స్‌లో ‘ఆఫ్‌లైన్’ గడిలో టిక్కు పెట్టండి. తప్పనిసరిగా కావలసిన ఫైలు మీద కుడి క్లిక్ చేసి ‘అవైలబుల్ ఆఫ్‌లైన్’ ఎంచుకోండి. ఆఫ్‌లైన్‌లో దిద్దినవి నెట్ రాగానే వాటంతటవే డ్రైవ్‌కు చేరతాయి.

డౌన్‌లోడ్స్ ఫోల్డరు మాత్రం క్లౌడ్‌లో ఉండదు, యంత్రంలోనే ఉంటుంది. పవర్‌వాష్ చేస్తే అందులోని హాల్‌టికెట్టు, జీతం స్లిప్పు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. దాచుకోదగినవి వెంటనే డ్రైవ్‌లోకి లాగేయండి. ఉచితంగా వచ్చే 15 జీబీలో మీ ఫొటోలూ మెయిళ్లూ కూడా వాటాదారులే.

తెలుగు రాయాలంటే సెట్టింగ్స్‌లో ‘ఇన్‌పుట్స్’కు వెళ్లి తెలుగు చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల మీటల అమరిక) మీకు తెలిస్తే అది, తెలియకపోతే ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారే ట్రాన్స్‌లిటరేషన్. కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు నుంచి ఇంగ్లిషుకు, మళ్లీ అటు నుంచి ఇటు మారుతుంది. పాన్ నంబరు పెద్ద అక్షరాలతో కొట్టబోతే క్యాప్స్‌లాక్ మీట కనిపించక కంగారు పడతారు. దాని స్థానంలో ఉన్న మీటను ఆల్ట్‌తో కలిపి నొక్కండి.

ప్రింటుకు ఇంట్లో వైఫై ప్రింటరు ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లండి. ఇంటికి వచ్చిన చుట్టాలు అడిగితే మీ ఖాతా ఇవ్వకండి, గెస్ట్ మోడ్ తెరిచి ఇవ్వండి.

చివరిగా, గూగుల్ ఖాతాలో రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోన్ నంబరు) చూసుకోండి. చాలామందిది ఎప్పుడో పారేసిన సిమ్‌దే ఉంటుంది. ఈరోజే మార్చండి.