చెవిపోగు, ముక్కుపుడక పడటం లేదా? ముందు కాడ చూడండి

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం బజారులోనైనా దుద్దులు కొనేటప్పుడు రాయి చూస్తాం, డిజైన్ చూస్తాం, తూకం చూస్తాం. ఒంట్లో ఉండేది మాత్రం కాడ. తంటాలన్నీ దానితోనే.

దురద, ఎరుపు, నీరు కారడం

పోగు పెట్టిన ఒకటి రెండు రోజులకు కన్నం చుట్టూ దురద పుట్టి, పల్చటి నీరు కారి పెచ్చు కడుతోందా? తీస్తే తగ్గి, పెడితే మళ్లీ వస్తోందా? అయితే అది చాలావరకు నికెల్ అలర్జీ, అంటే పూత కింది లోహంలో కలిసిన నికెల్ ఒంటికి పడకపోవడం. దుద్దును తిప్పి వెలుతురులో పట్టి చూడండి. పువ్వు పచ్చగానే ఉండి, కాడ మొదట్లో పూత అరిగి తెల్లగానో ఎర్రగానో కనిపిస్తే కారణం దొరికినట్టే. వన్ గ్రామ్ గోల్డ్ వాటికి ఇది మామూలే. మన ఉక్కపోతలో చెమట ఆ నికెల్‌ను ఇంకా తొందరగా బయటికి లాగుతుంది. ఈ అలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం పోదు.

"సర్జికల్ స్టీలమ్మా, ఏమీ అవ్వదు" అంటారు షాపులో. 316ఎల్ స్టీల్‌లో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అది అంత సులువుగా బయటికి రాదు కాబట్టి చాలామందికి పడుతుంది. అలర్జీ ఉందని తెలిసినవాళ్లకు మాత్రం అది పెట్టుకోమని నేను చెప్పను. నికెల్ ఉందో లేదో అయస్కాంతంతో పరీక్షించి లాభం లేదు, ఈ స్టీల్ దానికి అంటుకోదు. వాళ్లకు తగినది ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం, అంటే ఆపరేషన్లలో ఒంట్లో అమర్చే రకం. ప్యాకెట్ మీద ఆ రకానికి ఇచ్చే ప్రమాణం గుర్తు, ఏఎస్‌టీఎం ఎఫ్136 (ASTM F136) అని ఉండాలి. "టైటానియం కలర్" అంటే ఉత్త రంగే. నియోబియం అనే లోహం దొరికితే అదీ మంచిదే.

బంగారం పెట్టినా అదే గోల

హాల్‌మార్క్‌లో 916 అంటే 22 క్యారెట్లు, 750 అంటే 18, 585 అంటే 14. బంగారం ఎంతుందో ఆ అంకె చెబుతుంది. మిగతాది రాగా, వెండా, నికెలా అన్నది చెప్పదు. తెల్ల బంగారంలో నికెల్ కలపడం కద్దు. పైగా 2 గ్రాముల లోపు నగకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, ముక్కుపుడకలు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. అందుకే చేయించేటప్పుడే మొహమాటపడకుండా అడగండి: "ఆచారి గారూ, ఇందులో ఏం కలుపుతున్నారు? కాడ అతికే టంకం దేనిది?"

మర తమ్మెలోకి దిగిపోవడం

కొత్తగా కుట్టిన చెవి వాస్తుంది. కాడ పొట్టిదైతే వెనక మర కండలో కూరుకుపోతుంది. మొదట పొడుగు కాడ పెట్టించుకుని, వాపు తగ్గాక పొట్టిది మార్చుకోవాలి. ఇప్పటికే కూరుకుపోతే ఇంట్లో లాగకుండా డాక్టరు చేత తీయించండి.

చీము, సలుపు, జ్వరం

ఇది అలర్జీ కాదు, ఇన్ఫెక్షన్. పోగు మీరే పీకేయకండి, కన్నం పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. కింద తమ్మె అయితే డాక్టరును కలవండి. పైన గట్టి మృదులాస్థి భాగం అయితే ఆ రోజే ఈఎన్‌టీకి చూపించాలి, ఆలస్యమైతే చెవి ఆకారమే పాడవుతుంది. అక్కడ గన్‌తో కుట్టించుకోకపోవడమే మేలు. కన్నం మూసుకోకుండా వేపపుల్ల, చీపురుపుల్ల గుచ్చడం, పసుపు నూనె రాయడం ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు ఏమన్నా అనుకోనీ, పచ్చి కన్నానికి అవి వద్దు. స్పిరిట్ కూడా వద్దు. మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్‌తో రోజుకు రెండుసార్లు కడిగితే చాలు. తమ్మె మానడానికి 6 నుంచి 8 వారాలు, పైభాగానికి నెలలు పడుతుంది.

కన్నం సాగిపోవడం

సిరిమాను పండక్కి పెట్టిన బరువైన బుట్టలు తీయకుండా పడుకుంటే వచ్చే తిప్పలివి. బుట్టలకు మాటీలు తగిలిస్తే బరువు జుట్టు మీదికి పోతుంది. తమ్మె చీలిపోతే మాత్రం మాటీలతో పని అవ్వదు. మత్తు సూది ఇచ్చి కుట్లు వేయించుకుని, అది పూర్తిగా మానాక పాత మచ్చకు కాస్త పక్కన మళ్లీ కుట్టించుకోవాలి.