రోహిణి కార్తెలోనే పట్టుకోండి: వానలకు ముందు స్పోర్ట్స్ కారు ఐడ్లింగ్ వణుకు

రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. బానెట్ కింద ఉన్న రబ్బరు హోసులు, కాయిల్ బూట్లు (ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ తొడుగులు), ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను పట్టి ఉంచి అదురును మింగే రబ్బరు దిమ్మలు) ఆ ఎండకూ ఇంజిన్ వేడికీ కలిపి బీటలు వేస్తాయి. మృగశిర పెట్టి మొదటి వాన పడగానే ఆ బీటల్లోకి తేమ చేరుతుంది. ఏప్రిల్‌లో సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, సీటు కాస్త అదిరిందని వదిలేసిన బండి జూన్‌లో హైదరాబాద్ టోలిచౌకి నీళ్ల మధ్య మిస్సింగ్‌తో (సిలిండర్ సరిగా మండక) ఆగిపోయేది ఇందువల్లే. కాబట్టి మే నెలాఖరులోపు ఒక ఆదివారం పొద్దున దీనికి కేటాయించండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. వణుకు ఇంజిన్‌లోనే పుడుతోందా, లేక ఇంజిన్ బాగానే ఉండి దాని మామూలు అదురును మౌంటింగులు ఆపలేకపోతున్నాయా? ఇది తెలియకుండా ఒక్క పార్టు కూడా మార్చకండి. ప్లగ్గులు, కాయిల్స్, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు వరుసగా మార్చి, వేలకు వేలు పోశాక చివరికి చిరిగిన మౌంటింగు బయటపడటం గ్యారేజీల్లో రోజూ జరిగేదే.

ముందు అదురును లెక్కపెట్టండి

బండిని సెల్లార్‌లోంచి బయటికి తీసి ఆరుబయట పెట్టండి. సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి పరీక్షలు చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేసరికే ఆలస్యమవుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించడానికి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కావాలనే ఐడ్లింగ్‌ను 1,000 నుంచి 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా లేపుతుంది. ఆ నిమిషంలో వినబడే గరగరను బట్టి తీర్పు చెప్పకండి. అయితే చల్లగా ఉన్నప్పుడే వణికి వేడెక్కాక సర్దుకుంటోందా అన్నది మాత్రం రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కూలెంట్ 90 డిగ్రీల దగ్గరికి వచ్చాక ఏసీ, లైట్లు ఆపి, స్టీరింగ్ నిటారుగా ఉంచి ఆర్‌పీఎం చూడండి. చాలా ఇంజిన్లు 650 నుంచి 800 మధ్య నిలబడతాయి. తర్వాత ఏసీ వేసి మళ్లీ చూడండి. 42 డిగ్రీల ఎండలో కంప్రెసర్, రేడియేటర్ ఫ్యాన్లు ఒకేసారి అందుకున్నప్పుడు ముల్లు ఒక్కసారి ఊగి సర్దుకుంటే అది మామూలే. ఊగుతూనే ఉంటే మామూలు కాదు.

ఇప్పుడు ఫోన్‌లో వైబ్రేషన్ కొలిచే యాప్ వేసి, ఫోన్‌ను సీటు పట్టాలకు ఆనించి పెట్టండి. సెన్సర్ సెకనుకు 200 సార్లయినా చదివేలా సెట్టింగ్ ఉండాలి. లెక్క తేలిక. 750 ఆర్‌పీఎం అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెకనుకు పన్నెండున్నర సార్లు తిరుగుతుంది. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది కాబట్టి ఒక సిలిండర్ చచ్చిపోతే సెకనుకు సుమారు 6 దెబ్బలు కనబడతాయి. అదే మిస్సింగ్. గ్రాఫ్‌లో 12 లేదా 13 దగ్గర శిఖరం లేస్తే క్రాంక్ పుల్లీ డ్యాంపర్‌నో ఫ్లైవీల్‌నో అనుమానించాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు 25, ఆరింటికి 37 నుంచి 38, ఎనిమిదింటికి 50 దగ్గర మాత్రమే బలంగా లేస్తే అది ఇంజిన్ సహజంగా మండే అదురు. అది సీటు దాకా వస్తోందంటే మౌంటింగులు పోయాయన్నమాట. యాప్ వద్దనుకుంటే సైలెన్సర్ గొట్టం వెనక పలచటి కాగితం పట్టుకుని చూడండి. మిస్సింగ్ ఉంటే గాలి ఒకే తాళంలో తప్పిపోతూ కాగితాన్ని లోపలికి లాగినట్టు చేస్తుంది.

ఇంజిన్ తీరును బట్టి కూడా అంచనా మారాలి. ఇన్‌లైన్ సిక్స్ (ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే ఇంజిన్) పుట్టుకతోనే నునుపు, అందుకే బీఎండబ్ల్యూ సిక్స్‌లో చిన్న వణుకు కూడా అనుమానాస్పదమే. పోర్షే 718లోని నాలుగు సిలిండర్ల బాక్సర్ (సిలిండర్లు రెండు పక్కలా అడ్డంగా పడుకున్న ఇంజిన్) గానీ, మస్టాంగ్ జీటీ వీ8 గానీ కొంత గరుకుగానే నిలబడతాయి. గ్యారేజీలో గట్టి పాలీయూరిథేన్ మౌంటింగులు వేయించుకున్న బండిలో ఐడ్లింగ్ అదురు లోపం కాదు, మీరు కొనుక్కున్నదే.

గాలి దొంగతనం, ఎలుకల పని

ఇంజిన్‌లోనే పుడుతోందని తేలితే ఈసీయూలోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టండి. అంతకుముందు బ్యాటరీ చూసుకోండి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. బ్యాటరీ నీరసిస్తే స్కానర్‌లో లేనిపోని కోడ్లు వస్తాయి.

కోడ్ల కన్నా ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చూపే లెక్క, ఎక్కువ నిజం చెబుతుంది. షార్ట్, లాంగ్ ట్రిమ్ రెండూ కలిపితే ప్లస్ లేదా మైనస్ 5 శాతం లోపు ఉంటే నిశ్చింత. ఐడ్లింగ్‌లో ప్లస్ 10 దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే ఎక్కడో కొలతకు అందని గాలి లోపలికి పోతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొద్ది గాలి, అందులో దొంగ గాలి వాటా పెద్దది. రేస్ చేసినప్పుడు ఆ వాటా కరిగిపోతుంది. దీనికి తిరగబడి, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే బండిలోని పెట్రోల్ పంపును, ఎయిర్ ఫ్లో సెన్సర్‌ను చూడాలి. పెట్రోల్ పట్టించిన వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయించి కాసేపు వణికితే ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందని అనుమానించండి. దాని హోసును శ్రావణంతో మెల్లగా నొక్కి పట్టినప్పుడు ఐడ్లింగ్ సర్దుకుంటే దొంగ దొరికినట్టే.

గాలి లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటు కొందరు మెకానిక్‌లకు ఇంకా ఉంది. టర్బో పక్కన అది నిప్పుతో ఆట, ఒప్పుకోకండి. స్మోక్ టెస్ట్ చేయించండి. ఇన్‌టేక్‌లోకి 1 పీఎస్‌ఐ లోపు ఒత్తిడితో పొగ పంపితే చాలు, బీట ఎక్కడుందో కళ్లకు కనబడుతుంది. ఆయిల్ మూత కూడా ఒకసారి పరీక్షించండి. ఐడ్లింగ్‌లో మూత తీయబోతే గట్టిగా లోపలికి లాగేస్తుంటే క్రాంక్‌కేస్ వెంటిలేషన్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి లాగే ఏర్పాటు) పొర చిరిగింది. పాత పోర్షేల్లో ఆయిల్ సెపరేటర్ పోయినప్పుడు ఇలాగే ఉంటుంది, తోడుగా సైలెన్సర్ నుంచి తెల్లగా, నీలంగా పొగ కూడా వస్తుంది.

మన సెల్లార్లలో ఎలుకల బెడద వేరే చెప్పాలా? వానలు మొదలైతే కాలువల్లోంచి పైకి వచ్చి వెచ్చగా ఉన్న ఇంజిన్ మీదే కాపురం పెడతాయి. వారానికి ఒకసారే బయటికి తీసే బండి వాటికి ఇంకా ఇష్టం. ఇంజెక్టర్ వైర్లు, సన్న వాక్యూమ్ హోసులు కొరికాయంటే ఉన్నట్టుండి మిస్సింగ్ వస్తుంది. రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి టార్చ్ వేసి చూడటమే నమ్మకమైన మందు.

కాయిల్, ప్లగ్గు: కొనేముందు తారుమారు చేయండి

స్కానర్‌లో పి0303 వస్తే మూడో సిలిండర్ తప్పుతోందని అర్థం. ఇగ్నిషన్ ఆపి, ఇంజిన్ చల్లారాక, ఆరు సిలిండర్ల బండి అయితే, మూడో కాయిల్‌ను ఐదో దాని స్థానంలోకి, ఐదోదాన్ని మూడో స్థానంలోకి మార్చండి. కోడ్ చెరిపి పది కిలోమీటర్లు తిప్పండి. ఈసారి పి0305 వస్తే కాయిల్ పోయింది. పి0303 అలాగే ఉంటే ప్లగ్గును అలాగే మార్చి చూడండి, ఆ తర్వాతే ఇంజెక్టర్, కంప్రెషన్ సంగతి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) బండిలో ఇంజెక్టర్ లైన్ జోలికి మీరు వెళ్లకండి. అందులో పెట్రోల్ 200 బార్, కొన్నిట్లో అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

తీసిన ప్లగ్గు తెల్ల పింగాణీ మీద సన్నటి నల్ల గీత ఉంటే కరెంటు అక్కడినుంచి పక్కదారి పడుతోంది. ఆ ప్లగ్గుతో పాటు దాని కాయిల్ బూటు కూడా మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్గుకూ అదే గీత పడుతుంది. చాలా టర్బో ఇంజిన్లకు గ్యాప్ (ప్లగ్గు కొనలో నిప్పురవ్వ దూకే సందు) 0.6 నుంచి 0.8 మి.మీ., మీ మాన్యువల్ ఏం చెబితే అదే. ఇరిడియం ముల్లును గేజ్‌తో ఎత్తిపెట్టకండి, విరుగుతుంది. అల్యూమినియం హెడ్‌లో చేతి అంచనాతో బిగించొద్దు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ వాడండి. ప్లగ్గులు అధీకృత డీలర్ దగ్గర బిల్లుతోనే కొనండి, నకిలీ ఇరిడియం ప్లగ్గులు పెట్టె చూస్తే అసలులాగే ఉంటాయి.

996, 997 తరం పోర్షే 911లోనూ, బాక్స్‌టర్, కేమన్‌లలోనూ కాయిల్స్ ఇంజిన్ పక్కల కింది వైపు, ఎగ్జాస్ట్‌కు దగ్గరగా ఉంటాయి. వేడికి ప్లాస్టిక్ పగిలి, చక్రాలు చిమ్మే నీరు అందులోకి పోతుంది. వానలో మాత్రమే మిస్సింగ్ వచ్చి ఎండగాయగానే పోయే బండి కథ ఇదే. వాటిని బండి ఎత్తించి మే నెలలోనే చూడాలి.

చల్లగా ఉన్నప్పుడే వణికి వేడెక్కాక సర్దుకుంటోందని రాసుకున్నారు కదా, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పట్టి ఉండొచ్చు. ట్యాంకులో పోసే మందు అక్కడికి చేరదు, ఎందుకంటే పెట్రోల్ ఆ వాల్వుల మీదుగా పోదు. వాల్‌నట్ చిప్పల పొడితో కొట్టించి శుభ్రం చేయించడమే మార్గం.

మౌంటింగులు

హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలిబ్రేక్ గట్టిగా తొక్కి, ముందు గోడ లేకుండా చూసుకుని, ఆటోమేటిక్ బండిలో గేర్ లివర్ డీలో, ఆర్‌లో, ఎన్‌లో ఉంచి వణుకును పోల్చండి. టార్క్ కన్వర్టర్ (మామూలు ఆటోమేటిక్) గేర్‌బాక్సులో డీలో వణికి ఎన్‌లో తగ్గితే మౌంటింగు అనుమానం బలపడుతుంది. డ్యూయల్ క్లచ్ బండ్లలో బ్రేక్ మీద క్లచ్ విడిపోయి ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష అంతగా తేల్చదు. హైడ్రాలిక్ మౌంటింగు చుట్టూ నూనె తడి ఉంటే అది పోయినట్టే. గేర్‌బాక్సు మౌంటింగు మర్చిపోకండి. మాన్యువల్ బండిలో న్యూట్రల్‌లో గలగలమని, క్లచ్ తొక్కగానే శబ్దం ఆగితే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ లేదా గేర్‌బాక్సు బేరింగు చూపించాలి.

మొదటి వాన పడ్డాక

ఇంజిన్‌ను ప్రెజర్ వాష్ చేయించకండి, ప్లగ్గు గుంటల్లో నీరు నిలుస్తుంది. వైపర్ల కింద నీరు పోయే రంధ్రాల్లోంచి వేపాకులు తీసేయండి, అవి మూసుకుంటే కొన్ని బండ్లలో నీరు ఈసీయూ పెట్టె దాకా వస్తుంది. పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను పీల్చుకుంటుంది. వారాల తరబడి నిలిపే బండి ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగి నిలబడితే మెల్లగా గ్యారేజీకి పోవచ్చు. మిణుకుమిణుకుమంటే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదైనా సరే పక్కకు తీసి ఆపేయండి. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, కొద్ది నిమిషాల్లోనే లోపలి జాలీ కరిగిపోగలదు.

మలక్‌పేట, హైటెక్ సిటీ రైల్వే బ్రిడ్జిల కింద నీరు నిలిచి ఉంటే స్పోర్ట్స్ కారును దింపకండి. చాలా వాటిలో ఇంజిన్ గాలి పీల్చే మూతి కిందుగా ఉంటుంది. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్టర్ నొక్కొద్దు. నీరు నలగదు, పిస్టన్ పైకొచ్చే బలానికి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆగిన ఇంజిన్‌ను బలవంతంగా స్టార్ట్ చేసి పాడుచేస్తే మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ఇవ్వదు, ఇంజిన్ రక్షణ కవర్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. బండిని ఫ్లాట్‌బెడ్ (చదునైన టోయింగ్ ట్రక్కు) మీదే ఎక్కించండి. గ్యారేజీలో ముందు ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుంటల్లోంచి నీరు వచ్చిందా లేదా చూశాకే స్టార్టర్ ముట్టుకోనివ్వండి.