పీల్ తర్వాత ముఖం మీద మచ్చలా? ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం

పెళ్ళి ఇంకా పది రోజులుందనగా మా అక్క కూతురు ఏడుస్తూ ఫోన్ చేసింది. "పిన్నీ, పీల్ చేయించుకున్నాను, మూతి చుట్టూ మచ్చలొచ్చాయి. యాసిడ్ ఎక్కువైందంటావా?" పీల్ అంటే ముఖానికి యాసిడ్ రాసి చర్మం పై పొరని పొట్టులా రాలేలా చేసే చికిత్స. ఫొటో పెద్దది చేసి చూశాను. పెదవి చివర గోటితో గీరిన గుర్తు సన్నగా, ఎర్రగా కనిపిస్తోంది. పొట్టు లాగేసింది. మన చామనఛాయ చర్మం ఏ చిన్న దెబ్బకైనా నల్లబడుతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పీల్ వేస్తుండగానే భరించలేని మంట

కాస్త చురుక్కుమనడం మామూలే. ఒకే చోట మంట పెరిగిపోతుంటే మాత్రం ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి. గ్లైకోలిక్ పీల్‌ని సమయం చూసి ఆపాలి, లేకపోతే లోతుకి దిగుతుంది. సాలిసిలిక్ పీల్‌లో తెల్లటి పొడిలా తేలేది ఆ యాసిడ్ స్ఫటికాలే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

మంట ఎక్కువవడానికి కారణం చాలాసార్లు ముందు వాడిన క్రీముల్లో దొరుకుతుంది. మొటిమలకి రాసే ట్రెటినాయిన్, అడాపలిన్ లాంటివి పీల్‌కి ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ని అడగండి. పీల్‌కి ముందు వారంలో బ్లీచ్, వాక్సింగ్, త్రెడింగ్ కూడా వద్దు. తెల్లబడటానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాసే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది చర్మాన్ని పలచన చేసేస్తుంది. సిగ్గుపడకుండా ఆ ట్యూబు తీసుకెళ్ళి చూపించండి. గర్భిణి అయినా, పాలిస్తున్నా ముందే చెప్పాలి.

ఆన్‌లైన్లో ఘాటైన పీల్ కొని ఇంట్లో వేసుకోవద్దు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఇవి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది కూడా. ఇప్పటికే వేసుకుని కాలుతుంటే ధారగా చల్లటి నీళ్ళతో కడుగుతూ ఉండండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మూడో రోజు నుంచి పొట్టు లేవడం

చెయ్యి ఊరుకోనిది ఇక్కడే. మూతి పక్కన ఎండిన పొర ఒక అంచున లేచి, మాట్లాడినప్పుడల్లా కదులుతుంటుంది. రెండో అంచు ఇంకా గట్టిగా అతుక్కునే ఉంటుంది. లాగితే దానితోపాటు ఇంకా తయారవని చర్మం కూడా వచ్చేస్తుంది. కింద ఎర్రగా, తడిగా కనిపించేది పచ్చి పుండే. మచ్చ అక్కడే పడుతుంది.

నురగ తక్కువగా వచ్చే ఫేస్‌వాష్‌తో కడిగి, తుడవకుండా మెత్తటి బట్టతో అద్దుకోండి. తడి ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. లేచిన అంచు మీద కొంచెం వాసెలిన్ అద్దితే అణిగిపోతుంది. శనగపిండి, పసుపు, నిమ్మరసం, స్క్రబ్ ఏదీ ముఖం దగ్గరికి రానివ్వొద్దు. మా అక్క కూతురికి నలుగు చేతులకీ కాళ్ళకీ పెట్టి ముఖం వదిలేశాం. పెద్దవాళ్ళు కాస్త సణిగారు, తర్వాత ఊరుకున్నారు.

నల్ల మచ్చలు

గీరడం, ఎండ, లేదా పీల్ లోతుగా దిగడం కారణం. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ పొడవున తీసుకుని ముఖానికీ మెడకీ రాయండి. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. గొడుగో చున్నీయో తోడుండాలి. మచ్చ పోగొట్టాలని దాని మీద మళ్ళీ పీల్ వేయించుకోవద్దు, ఇంకా ముదురుతుంది. మా అక్క కూతురి మచ్చ పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. పెళ్ళిలో మేకప్‌తో కప్పేశారు.

పెదవి చుట్టూ గుంపుగా నీటి పొక్కులు, చీము, తగ్గని నొప్పి

ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పొక్కులు కావచ్చు, మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఇదివరకు ఎప్పుడైనా పెదవి మీద ఇలా వచ్చి ఉంటే పీల్‌కి ముందే చెప్పండి, ముందుగానే మాత్రలు రాస్తారు.

అసలు పొట్టే రాలేదు

పైపైన వేసే పీల్స్‌కి చాలామందికి కంటికి కనపడేంత పొట్టు రాదు. పని చేయలేదనుకుని ఇంకా ఘాటుగా వేయమని అడగకండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకి తర్వాతి సిట్టింగ్ ఉంటుంది, మోతాదు పెంచాలో లేదో డాక్టర్ అప్పుడు చూస్తారు.